క్రాపీ కోసం డ్రాప్ షాట్ రిగ్‌కు బతికున్న మిన్నో: పనిచేస్తుందా, హుక్ ఎంత ఎత్తులో ఉండాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ఒకసారి చెబుతాను. మీరు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటూ లేక్ లావన్, లేక్ లెవిస్‌విల్‌లలో ఎక్కువగా ఒడ్డు నుంచి, అప్పుడప్పుడు మిత్రుని పడవలోనూ గాలం వేస్తున్నారు. బాస్ చేపల కోసం వాడే డ్రాప్ షాట్ రిగ్‌కు (లైన్, అంటే గాలపు దారం, కొసన బరువు, దానికి కొంత పైన హుక్ ఉండే అమరిక) ప్లాస్టిక్ ఎర బదులు బతికున్న మిన్నోను (ఎరగా వాడే చిన్న చేపను) గుచ్చి, బరువుకు 18 అంగుళాల పైన హుక్ కట్టి ప్రయత్నించారు. పక్కన స్లిప్ బాబర్ (లైన్ మీద జారే బెండు) వేసినవారికి క్రాపీ అనే మంచినీటి చేప పడుతున్నా మీకు పడలేదు. పైగా మిన్నో లైన్ చుట్టూ తిరిగి చుట్టుకుపోతోంది. ఈ రిగ్ క్రాపీకి పనికొస్తుందా, రాదా అని అడిగారు.

పనికొస్తుంది. చలికాలంలో లోతైన నీటిలో నేను దీనినే ముందుగా కడతాను. అయితే ఈ రిగ్ చేసే పని ఒక్కటే: ఎరను నీటి అడుగు నుంచి ఒక నిర్ణీత ఎత్తులో నిలబెట్టడం. క్రాపీ ఆ ఎత్తులో గాని, దానికి కాస్త కింద గాని ఉంటే దీనిని మించిన రిగ్ లేదు. చేప ఎరకు పైన ఉంటే మాత్రం ఎంత చురుకైన మిన్నో గుచ్చినా ప్రయోజనం ఉండదు. హుక్ చేప ఉన్న ఎత్తుకు అర అడుగు నుంచి అడుగు వరకు పైన ఉండాలి, కిందికి మాత్రం పోకూడదు. క్రాపీ కళ్లు తలకు పైభాగాన ఉంటాయి. అది పైకి చూస్తూ, పైకి లేచి మేత అందుకునే చేప, కిందికి దిగి తినడం అరుదు. మీ విషయంలో జరిగింది కూడా ఇదేనని నా అనుమానం. అందుకు కారణం రిగ్ కాదు, ఒడ్డు నుంచి విసిరినప్పుడు లైన్ పడే వాలు.

దీనిని కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే వీడియోలలో ఈ సంగతిని ఎవరూ పెద్దగా చెప్పరు. పడవలో నుంచి నిలువుగా దింపినప్పుడు బరువుకు, హుక్‌కు మధ్య 18 అంగుళాల లైన్ ఉంటే హుక్ కూడా నేలకు 18 అంగుళాల పైనే ఉంటుంది. ఒడ్డు నుంచి విసిరినప్పుడు ఈ లెక్క చెల్లదు. మీరు 40 అడుగుల దూరంలో, 12 అడుగుల లోతులో బరువు వేశారనుకోండి. రాడ్ కొన నీటికి 6 అడుగుల పైన ఉంది. అంటే బరువు నుంచి రాడ్ కొన దాకా లైన్ 40 అడుగుల పొడవున 18 అడుగులు మాత్రమే పైకి లేస్తోంది. బిగువుగా ఉన్న ఆ ఏటవాలు లైన్ మీదే హుక్ కూడా ఉంది గనుక, మీరు 18 అంగుళాలనుకున్నది నిజానికి నేలకు 7 అంగుళాల ఎత్తున ఉంటుంది. లైన్ కొంచెం వదులైతే అది కూడా ఉండదు, మిన్నో అడుగున బురదలో దాక్కుంటుంది. మీ పక్కనున్నవారి బాబర్ మాత్రం మిన్నోను ఏ 6 అడుగుల లోతులోనో నిటారుగా వేలాడదీస్తోంది. ఒకే చోట గాలం వేసినా ఇద్దరి ఎరలకు మధ్య 5 అడుగుల తేడా ఉందన్నమాట.

కాబట్టి ఒడ్డు నుంచి వేసేటప్పుడు బరువుకు, హుక్‌కు మధ్య దూరాన్ని కనీసం 3 అడుగులు ఉంచండి. పై లెక్క ప్రకారం అప్పుడు హుక్ నేలకు సుమారు 15 అంగుళాల ఎత్తున నిలుస్తుంది. అంతకంటే పొడవైతే విసరడం కష్టమవుతుంది, పక్కవారి చెవికి తగులుతుంది కూడా. చేపలు నేలకు ఒక అడుగు కంటే పైన ఉన్నాయని తెలిస్తే ఒడ్డు నుంచి డ్రాప్ షాట్‌తో కుస్తీ పట్టకుండా స్లిప్ బాబర్ కట్టుకోవడమే తెలివైన పని. దానికి నేను ఏ మాత్రం సంకోచించను. డ్రాప్ షాట్‌కు అసలైన చోటు నిలువుగా దింపగలిగిన ప్రదేశం, అంటే పడవ, వంతెన స్తంభాల పక్క, లోతైన నీటి మీదికి కట్టిన డాక్.

పడవలో ఇంకొక సౌలభ్యం ఉంది. బరువు నేలకు ఆని తీరాలన్న నియమమేదీ లేదు. బరువు నేలకు తగలనిచ్చి, రీల్ హ్యాండిల్‌ను లెక్కపెట్టుకుంటూ తిప్పితే కావలసినంత పైకి తేవచ్చు. మీ రీల్ ఒక చుట్టుకు ఎంత లైన్ లాగుతుందో ఇంటి దగ్గరే టేపుతో కొలిచి పెట్టుకోండి. చేపలు 25 అడుగుల నీటిలో 18 అడుగుల దగ్గర వేలాడుతున్నాయని సోనార్ (నీటి లోతును, చేపలను తెరపై చూపే పరికరం) చూపిస్తే, ఈ పద్ధతిలో హుక్‌ను 17 అడుగుల దగ్గర నిలబెట్టవచ్చు. అప్పుడది పేరుకు డ్రాప్ షాటే గాని, పనికి కింద బరువు కట్టిన మామూలు లైన్. గాలి వీచే రోజున బాబర్ కొట్టుకుపోయినట్టు ఇది కొట్టుకుపోదు.

ఇక కట్టే విధానం. ప్రధాన లైన్‌గా 10 పౌండ్ల బలం గల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర 5, 6 అడుగుల మేర 6 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (కొసన కలిపే వేరే రకం దారం) వాడతాను. పూర్తిగా 6 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) వాడినా తప్పు లేదు, లోతులో చేప ముట్టడం కొంచెం తక్కువగా తెలుస్తుంది, అంతే. హుక్ విషయంలో మాత్రం నాకు పట్టింపు ఉంది: సన్నని తీగతో చేసిన అబర్డీన్ హుక్, సైజు 4, మిన్నో పెద్దదైతే సైజు 2 (అంకె తగ్గితే హుక్ పెద్దది). బాస్ డ్రాప్ షాట్ ప్యాకెట్లలో వచ్చే పొట్టి, మందపాటి హుక్ మిన్నోను తొందరగా చంపుతుంది. పైగా కొమ్మకు తగులుకుంటే సన్నతీగ హుక్ వంగి బయటికి వస్తుంది, మందపాటిది లైన్‌ను తెంపిస్తుంది. బరువు 20 అడుగుల లోపు, గాలి లేని రోజున పావు ఔన్సు చాలు. గాలి ఉంటే 3/8 ఔన్సుకు మారండి. బరువు పెన్సిల్ ముక్కలా సన్నగా పొడుగ్గా ఉన్నదైతే రాళ్లలో, కొమ్మల్లో గుండ్రని దానికంటే తక్కువ ఇరుక్కుంటుంది.

ముడి పాలోమార్ ముడి. లైన్‌ను రెండుగా మడిచి ఆ మడతను హుక్ కన్ను గుండా దూర్చి, రెండు పేటలతో ఒక వదులు ముడి వేసి, చివర మిగిలిన ఉచ్చులో నుంచి హుక్‌ను మొత్తంగా దాటించి, ఉమ్మితోనో నీటితోనో తడిపి మెల్లగా బిగించాలి. ఇలా బిగించేటప్పుడు బరువు కట్టవలసిన తోక సరిపడా మిగిలేలా ముందే చూసుకోవాలి. తరువాత ఆ తోక కొసను హుక్ మొన ఉన్న వైపు నుంచి మళ్లీ కన్ను గుండా కిందికి దూర్చి లాగితే, హుక్ లైన్‌కు అడ్డంగా, మొన పైకి చూస్తూ నిలబడుతుంది. ఈ చివరి దూర్పు వదిలేస్తే హుక్ లైన్‌కు అంటుకుని కిందికి వేలాడుతుంది. మీ మిన్నో చుట్టుకుపోవడానికి సగం కారణం ఇదే కావచ్చు.

మిగతా సగం కారణం రిగ్‌లోనే ఉంది. ప్లాస్టిక్ ఎర ఉన్న చోటే ఊగుతుంది, బతికున్న మిన్నో తప్పించుకోవాలని గుండ్రంగా తిరుగుతుంది. హుక్ నేరుగా లైన్‌కే కట్టి ఉంది గనుక తిరిగిన ప్రతిసారి లైన్‌ను చుట్టేస్తుంది. దీనికి నేను చేసేది ఒక్కటే. హుక్‌ను నేరుగా కట్టకుండా, ఆ చోట చిన్న త్రీ-వే స్వివెల్ (మూడు కన్నులుండి తిరిగే లోహపు కొలికి) పెట్టి, దాని పక్క కన్నుకు 3 అంగుళాల గట్టి ఫ్లోరోకార్బన్ ముక్కతో హుక్ కడతాను. ఆ ముక్కకు 8 పౌండ్లదో, 10 పౌండ్లదో వాడితే అది మెత్తగా వాలిపోకుండా పక్కకు చాచుకుని ఉంటుంది. 3 అంగుళాలు దాటనివ్వకండి, దాటితే అదే పోయి లైన్‌ను చుట్టుకుంటుంది. స్వివెల్ వద్దనుకుంటే లైన్‌లోనే చిన్న ఉచ్చు ముడి వేసి దానికి హుక్ తగిలించవచ్చు. నిజానికి క్రాపీ పట్టేవారికి ఇదేమీ కొత్త సంగతి కాదు. బాస్ పోటీల వారు 1990ల చివర జపాన్ నుంచి వచ్చిన డ్రాప్ షాట్‌ను పట్టుకోవడానికి చాలా ముందే, కెంటకీ లేక్ ప్రాంతంలో కింద బరువు, పైన ఉచ్చులకు రెండు హుక్కులతో మిన్నోలు దింపేవారు. ఇప్పటికీ దానిని కెంటకీ రిగ్ అంటారు. మీరు మిన్నోతో వాడదలచుకుంటే డ్రాప్ షాట్ కంటే దాని పోలికకు దగ్గరగా కట్టుకోవడమే మేలు.

మిన్నోను పెదవులకు గుచ్చండి. కింది పెదవి నుంచి పై పెదవికి హుక్ మొన వచ్చేలా, ముక్కు రంధ్రాలకు కొంచెం ముందు గుచ్చితే అది ఎక్కువసేపు బతుకుతుంది, తక్కువగా తిరుగుతుంది, పైకి లాగేటప్పుడు తల ముందుగా వస్తుంది గనుక లైన్ మెలిపడదు. వీపు రెక్క కింద గుచ్చితే ఎక్కువగా తన్నుకుంటుంది. బాబర్ కింద అది మంచి పద్ధతే, డ్రాప్ షాట్‌లో మాత్రం చిక్కులు తెస్తుంది. వీపుకే గుచ్చదలచుకుంటే వెన్నెముకకు తగలకుండా పైపైన గుచ్చండి, వెన్నెముకకు తగిలితే మిన్నో వెంటనే చచ్చుబడిపోతుంది. పరిమాణం ఒకటిన్నర, రెండు అంగుళాలు, అంటే మన చెరువుల్లో దొరికే పరిగెలంత ఉంటే చాలు.

వేశాక రాడ్‌ను ఆడించకండి. బాస్ వీడియోల్లో రాడ్ కొనను వణికిస్తూ ఉండటం చూసి చాలామంది మిన్నోతోనూ అదే చేస్తారు. ఎర బతికి ఉన్నప్పుడు ఆ పని అదే చేసుకుంటుంది. లైన్‌ను బిగువుగా, కాని బరువును కదల్చనంతగా పట్టుకుని ఉండటమే మీ పని. రెండు నిమిషాలు ఏమీ కాకపోతే ఒక అడుగు పైకి ఎత్తి, మెల్లగా మళ్లీ దింపండి. అయిదు నిమిషాలు ఏమీ కాకపోతే చోటు మార్చండి. క్రాపీ గుంపుగా ఉండే చేప, అక్కడ ఉంటే ఆ పాటికి తెలిసిపోతుంది.

చేప ముట్టడం ఎలా ఉంటుందన్నది మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. చాలామంది టక్కుమని లాగడం కోసమే ఎదురుచూస్తూ వచ్చిన చేపను పోగొట్టుకుంటారు. క్రాపీ కింద నుంచి వచ్చి మిన్నోను నోట్లోకి పీల్చుకుని, అదే ఊపులో పైకి లేస్తుంది. అప్పుడు చేతికి లాగుడు తెలియదు, ఉన్న బరువు పోయినట్టు తెలుస్తుంది. అంతవరకు బిగువుగా ఉన్న లైన్ నీటి మట్టం దగ్గర ఒక్కసారిగా సన్నని వంపు తిరుగుతుంది, వంగి ఉన్న రాడ్ కొన నిటారుగా లేస్తుంది. అదే చేప. వెంటనే వదులును రీల్‌తో చుట్టుకుని రాడ్‌ను పైకి ఎత్తండి, ఝాడించవద్దు. మన వైపు కొరమీనుకు గాలం వేసి అలవాటైన చేతులకు ఇది కష్టం. కొరమీను దవడ గట్టిది, గట్టిగా లాగితేనే దిగుతుంది. క్రాపీ పెదవుల చుట్టూ ఉన్న చర్మం కాగితంలా పలచగా ఉంటుంది, ఆ ఊపుతో లాగితే చిరిగి చేప జారిపోతుంది. అందుకే రాడ్ లైట్ పవర్‌ది (తేలిగ్గా వంగేది), ఏడడుగులది ఉండాలి, డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్ వదిలే రీల్ బిగింపు) వదులుగా పెట్టాలి, చేపను లైన్ పట్టుకుని పడవలోకి ఎత్తకుండా వలతో అందుకోవాలి.

ఏ కాలంలో వాడాలన్నది డ్రాప్ షాట్ విషయంలో చాలా ముఖ్యం. చలికాలంలో నార్త్ టెక్సస్ జలాశయాలలో క్రాపీ పాత వాగుల గాడి అంచులకు, వంతెన స్తంభాల దగ్గరికి, లోతుగా ముంచిన కొమ్మల కుప్పల దగ్గరికి గుంపులుగా చేరుతుంది. లేక్ ఫోర్క్‌లో 154, 515 రహదారుల వంతెనలు ఇందుకే పేరుపడ్డాయి. చల్లని నీటిలో చేప ఎర కోసం దూరం పోదు, ఎదుట కదలకుండా నిలిచిన మిన్నోను మాత్రం కాదనలేదు. అక్కడ స్తంభం పక్కన నిలువుగా దింపిన డ్రాప్ షాట్‌కు సాటి వచ్చేది నేను చూడలేదు. వసంతంలో నీరు 60 నుంచి 68 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరేసరికి అవే చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గర 2 నుంచి 6 అడుగుల నీటిలోకి వస్తాయి. అప్పుడు ఈ రిగ్ వద్దు. గడ్డి దుబ్బుల మధ్య బరువు ఇరుక్కోవడం తప్ప లాభం లేదు. బాబర్ కింద రెండడుగుల లోతున మిన్నో వేయండి. మీరు ఒడ్డు మీద నుంచి ఎక్కువగా వేస్తారు గనుక మార్చి, ఏప్రిల్ నెలలు మీకు అన్నిటికంటే మంచి కాలం.

వేసవిలో ఒక చిక్కు ఉంది. ఎండాకాలం జలాశయం పొరలుగా విడిపోతుంది. పైన వేడి నీరు, కింద చల్లని నీరు, మధ్య థర్మోక్లైన్ అనే సన్నని పొర. ఆ పొరకు కింద ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది, చేపలు అక్కడ ఉండలేవు. నార్త్ టెక్సస్ జలాశయాలలో ఇది చాలాచోట్ల 20, 25 అడుగుల దగ్గర ఏర్పడుతుంది. అంటే జూలైలో 35 అడుగుల నీటిలో బరువును నేలకు ఆనించి కూర్చుంటే మీ మిన్నోను ప్రాణవాయువు లేని చోట ఉంచినట్టే. దింపిన కాసేపటికే పైకి తీసి చూసి మిన్నో చచ్చిపోయి ఉంటే, చేప రాకపోవడానికి కారణం కూడా అక్కడే దొరికింది. అప్పుడు థర్మోక్లైన్ కంటే తక్కువ లోతులో నేల ఉన్న చోటికి, అంటే 15, 18 అడుగుల నీటిలోని కొమ్మల కుప్పల మీదికి వెళ్లి, హుక్ ఆ కొమ్మల పై అంచుకు ఒక అడుగు పైన ఉండేలా దింపండి. శరత్కాలంలో షాడ్ చేపపిల్లల వెంట క్రాపీ తిరుగుతూ ఉంటుంది, ఆ రోజుల్లో ఒకే చోట నిలబెట్టే రిగ్ కంటే జిగ్ (తల బరువుగా ఉండే కృత్రిమ ఎర) విసురుతూ వెతకడం మేలు.

కొమ్మల్లో ఇరుక్కోవడం గురించి ఒక చిట్కా. స్వివెల్ వాడుతున్నారు గనుక బరువు కట్టే తోకకు వేరే లైన్, 4 పౌండ్లది, వాడండి. బరువు ఇరుక్కుంటే ఆ బలహీనమైన లైన్ తెగి బరువు ఒక్కటే పోతుంది, హుక్, చేప, స్వివెల్ మీ చేతికి వస్తాయి. కొత్త బరువు కట్టడానికి నిమిషం చాలు. జీబ్రా మసల్స్ అనే చిన్న చారల గవ్వలు ఉన్న జలాశయాలలో రాళ్లకు, స్తంభాలకు అంటుకున్న ఆ గవ్వల అంచులు లైన్‌ను కోస్తాయి గనుక, ఇరుక్కున్న ప్రతిసారీ చివరి రెండడుగుల లైన్‌ను వేళ్ల మధ్య జార్చి చూసుకోండి. గరుకుగా తగిలితే కోసి మళ్లీ కట్టండి.

మిన్నోల సంరక్షణలో తడబడితే మిగతాదంతా వృథా. దుకాణంలో ఫ్యాట్‌హెడ్ మిన్నోలు, గోల్డెన్ షైనర్లు రెండూ ఉంటే వేసవిలో ఫ్యాట్‌హెడ్లే కొనండి, అవి వేడికి తట్టుకుంటాయి. షైనర్లు వెండిలా మెరుస్తాయి, చేపకు దూరం నుంచి కనబడతాయి, కాని సున్నితమైనవి, వాటిని చల్లని నెలలకు ఉంచుకోండి. బకెట్‌లో బ్యాటరీతో నడిచే ఏరేటర్ (నీటిలోకి గాలి పంపే పరికరం) తప్పనిసరి. ఇంటి కుళాయి నీరు నేరుగా పోయవద్దు. నగర నీటిలో క్రిములను చంపడానికి వాడే క్లోరమిన్ రాత్రంతా నిలవ ఉంచినా పోదు, అక్వేరియం వారు అమ్మే మందు చుక్కలు వేయాలి. ఎండ ఎక్కువైతే మూత బిగించిన గడ్డకట్టిన నీటి సీసాను బకెట్‌లో వేయండి. ఐసు ముక్కలు నేరుగా వేస్తే ఒక్కసారిగా చల్లబడి మిన్నోలు తేలిపోతాయి, కుళాయి నీటితో చేసిన ఐసు అయితే క్లోరమిన్ కూడా వచ్చి కలుస్తుంది.

చివరిగా నిబంధనలు. ఇవి టెక్సస్‌వి, మరో రాష్ట్రంలో ఉన్నవారు తమ వన్యప్రాణి శాఖ పుస్తకం చూసుకోవాలి. ఇక్కడ కూడా మార్పులు వస్తుంటాయి గనుక ఏటా ఒకసారి చదవడం మంచిది. 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు కావాలి, అయితే స్టేట్ పార్కులలో ఒడ్డు మీద నుంచి గాలం వేయడానికి అక్కర్లేదు. క్రాపీ తెల్లదైనా నల్లదైనా కలిపి రోజుకు 25, ఒక్కొక్కటి 10 అంగుళాలకు తక్కువ ఉండకూడదు. (10 అంగుళాల క్రాపీ పులుసులో పొరలు పొరలుగా విడిపోతుంది. వేపుడుకు ఉంచుకోండి.) లేక్ ఫోర్క్, లేక్ ఓ ది పైన్స్‌లలో డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు కొలత పరిమితి లేదు. పట్టిన ప్రతి క్రాపీని ఉంచుకుని తీరాలి, వదలకూడదు. లోతు నుంచి పైకి తెచ్చిన చేప లోపలి గాలి తిత్తి ఉబ్బి, వదిలినా బతకడం కష్టమన్నదే ఈ నియమానికి కారణం. మిగతా జలాశయాలలో అలాంటి నియమం లేకపోయినా, 30 అడుగుల లోతులో దింపుతున్నప్పుడు చిన్న చేపలే వరుసగా పడుతుంటే ఆ చోటు వదిలి వెళ్లండి.

బకెట్ నీటి గురించి కూడా చట్టం ఉంది. జీబ్రా మసల్స్ టెక్సస్‌లో మొదట 2009లో లేక్ టెక్సోమాలో కనబడ్డాయి, 2012లో రే రాబర్ట్స్‌కు, 2013లో మీ లెవిస్‌విల్‌కు వచ్చాయి. కంటికి కనబడని వాటి పిల్లలు నీటితో పాటే ప్రయాణిస్తాయి గనుక, జలాశయం వదిలి వచ్చేటప్పుడు పడవలోనూ, మిన్నో బకెట్‌లోనూ ఉన్న జలాశయపు నీటిని చుక్క లేకుండా పారబోయాలి. మిగిలిన మిన్నోలను ఆ నీటిలోనే ఉంచి లెవిస్‌విల్ నుంచి లావన్‌కు తీసుకెళ్లడం నేరం. వాటిని సరస్సులోకి వదలడం కూడా మంచిది కాదు. ఒకే రోజు రెండు చోట్లకు వెళ్లాలనుకుంటే మిన్నోలు కొన్న దుకాణం రసీదు జేబులో ఉంచుకుని, మందు చుక్కలు వేసిన నీటిని ఇంటి నుంచే వేరే డబ్బాలో తెచ్చుకోండి.

మీ మిత్రుని పడవలో సోనార్ ఉందో లేదో రాయలేదు. ఉంటే మీరు వేసే చోట నీరు ఎంత లోతు, చేపలు ఎంత లోతున కనబడుతున్నాయో రాయండి, బరువుకు, హుక్‌కు మధ్య ఎంత దూరం ఉంచాలో ఆ అంకెలను బట్టి చెబుతాను.